పసుపు కనబడిందని యూరియా: ధర్మాబాద్ తాలూకాలో ఒక గోధుమ చేను

2021 ఫిబ్రవరి నెలాఖరులో ఒక పొద్దున మామ ఫోన్ చేశాడు. "అల్లుడా, చేను పండుకున్నది. జర వచ్చి సూడు" అన్నాడు, అంతే. వెళ్లి చూస్తే నాలుగెకరాల్లో దాదాపు రెండెకరాల గోధుమ చాప పరిచినట్టు నేలకు ఒరిగిపోయి ఉంది. కంకులు ఇంకా గింజ గట్టిపడని దశలో ఉన్నాయి. ముందు రాత్రి వీచింది పెద్ద గాలి కూడా కాదు. గట్టు అవతల నిలువెత్తు జొన్న నిక్షేపంగా నిలబడే ఉంది.

నేను మట్టి పరీక్షలు చేయించి పంట సలహాలు ఇచ్చే పనిలో ఉన్నాను. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ తాలూకాలు తిరుగుతుంటాను. ఈ మూలన చాలా ఇళ్లలో తెలుగు, బడిలోనూ ఆఫీసుల్లోనూ మరాఠీ. బస్తా మీద ఏముందో మరాఠీలో చదివి, చేలో తెలుగులో మాట్లాడుకుంటాం. ఈ మామ నాకు చుట్టం కాదు, ఊరి వరస. ఆ పొద్దున మొదలుపెట్టి మూడు రబీలు ఆయన చేలో ఏం చేశామో, ఏది పనిచేసిందో, ఎక్కడ నేను తప్పు చేశానో రాస్తున్నాను. ఒక్క చేను కథే ఇది. కానీ ఇదే నల్లరేగడి, ఇదే నీరు, ఇదే అలవాటు ఉన్న చేలు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి.

సంచుల లెక్క

ఎంత యూరియా వేశావు మామా అంటే "అందరేసినంతే" అన్నాడు. ఆ మాటతో లెక్క తేలదు. కొట్టంలోకి వెళ్లి ఖాళీ సంచులు లెక్కబెట్టాం. గొడ్లకు చలి తగలకుండా కిటికీలకు కట్టినవి, దాణా పోసినవి, మడిచి మూలన పెట్టినవి అన్నీ కలిపి ఆ సీజన్‌వి 16 యూరియా సంచులు తేలాయి. ఎకరానికి నాలుగు. అవి కాక ఎకరానికి ఒక బస్తా డీఏపీ, అంటే నత్రజని, భాస్వరం రెండూ ఉండే ఎరువు.

నవంబర్ మొదటి పక్షంలో విత్తిన, నీటి వసతి ఉన్న గోధుమకు మహారాష్ట్రలో సిఫారసు హెక్టారుకు 120 కిలోల నత్రజని, 60 కిలోల భాస్వరం, 40 కిలోల పొటాష్. ఎకరానికి చూస్తే నత్రజని 48 కిలోలు. ఒక డీఏపీ బస్తాలో 9 కిలోలు వస్తుంది. మిగతా 39 కిలోలకు 45 కిలోల యూరియా సంచులు రెండుకు కాస్త తక్కువే చాలు, ఎందుకంటే సంచికి 20.7 కిలోల నత్రజని ఉంటుంది. మామ వేసింది ఎకరానికి 92 కిలోల దాకా. కావలసినదానికి దాదాపు రెట్టింపు.

విత్తనమూ ఎక్కువే. ఎకరానికి 40 నుంచి 50 కిలోలు చాలిన చోట 60 కిలోలు పోశాడు. రకం లోక్-1, ఇంటి విత్తనం. ఒత్తుగా మొలిచిన పైరు ఎండ కోసం పోటీపడి సన్నగా పైకి పెరిగింది. నత్రజని ఎక్కువై కాండం మెత్తబడింది. దానికి తోడు చేలో రాత్రంతా నీళ్లు నిలిచి వేళ్ల దగ్గర నేల జారుగా అయింది. ఇక పడిపోవడానికి పెద్ద గాలి అవసరం లేదు. పడిన చోట హార్వెస్టర్ కత్తికి కంకి అందలేదు, గింజ తాలుపోయింది. ఆ ఏడు మొత్తం మీద ఎకరానికి 12 క్వింటాళ్లు చేతికొచ్చాయి.

ఇంత యూరియా ఎందుకు వేశాడన్నదే నాకు ముఖ్యమైన ప్రశ్న. అత్యాశతో కాదు. ప్రతి తడి తర్వాతా చేలో పసుపు పట్టీలు కనబడేవి. పసుపు కనబడగానే భయం, భయం కాగానే ఒక సంచి. ఎరువుల కొట్టులోనూ అదే సలహా దొరికేది. ఏడు తడులు పెట్టాడు, నాలుగు సార్లు యూరియా చల్లాడు. చల్లిన కొద్ది రోజులు పచ్చబడేది. తర్వాతి తడికి మళ్లీ పసుపు.

ఆ పసుపు ఏమిటి

మరుసటి రబీ, 2021 డిసెంబర్. రెండో తడి పెట్టిన నాలుగో రోజు నేను వెళ్లేసరికి దిగువ గట్టు వెంట పసుపు పట్టీ తయారుగా ఉంది. మామ చేతిలో గంప, అందులో యూరియా. ఆగమని చెప్పి పలుగు తీసుకున్నాను. పసుపు చోట రెండు మొక్కలు, పచ్చగా ఉన్న ఎగువ చోట రెండు మొక్కలు మట్టి గడ్డతో సహా లేపి గట్టు మీద పక్కపక్కన పెట్టాం.

ఎగువ గడ్డ వేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోయింది. వేర్లు తెల్లగా, బిరుసుగా ఉన్నాయి. దిగువ గడ్డ సబ్బు ముద్దలా సాగింది. పిసికితే నీళ్లు కారాయి. వేళ్ల చివర్లు గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి, ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు వాసన. మామ వాసన చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "అంటే ఊపిరి ఆడుతలేదా దీనికి?"

సరిగ్గా అదే. నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే వేళ్లకు గాలి అందదు. గాలి అందని వేరు నేలలో నత్రజని ఉన్నా పీల్చుకోలేదు. అప్పుడు ఆకు పసుపెక్కుతుంది. పైగా ఎరువులోని నత్రజని నేలలో నైట్రేట్‌గా మారుతుంది, గాలి లేని ఆ బురదలో ఉండే సూక్ష్మజీవులు ఆ నైట్రేట్‌ను వాయువుగా మార్చి పైకి వదిలేస్తాయి. అంటే మనం వేసిన ఎరువు మొక్కకు అందకుండానే పోతుంది. ఇది చాలదన్నట్టు, పసుపు చూసి నేల పైన చల్లిన యూరియా మరో దారిలో పోతుంది. ఇక్కడి నేలల్లో సున్నం ఎక్కువ, మామ చేలో పీహెచ్ 8.2, అంటే క్షారం వైపు. ఇలాంటి తడి నేల మీద పడి మూడు రోజులు అలాగే ఉన్న యూరియాలో కొంత భాగం అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.

అన్ని పసుపులూ ఒకటి కావు. నత్రజని తక్కువైతే ముందు కింది ముదురాకులు చివరి నుంచి పసుపెక్కుతాయి, అదీ చేనంతా ఒకేలా ఉంటుంది. నీళ్లు నిలిచిన పసుపు పల్లపు చోటే, తడి తర్వాత మూడు నాలుగు రోజులకే వస్తుంది. జింకు లోపమైతే నడిమి ఆకుల్లో ఈనె వెంట పాలిపోయిన చారలు కనబడతాయి. ఇనుము లోపం లేతాకుల్లో ముందు తెలుస్తుంది, ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం తెల్లబారుతుంది. మామ చేలో నీటి పసుపు ఎక్కువ, ఎగువన రెండు మూడు గుంటల నేలలో జింకు చారలు. మట్టి పరీక్షలోనూ జింకు తక్కువనే వచ్చింది. నత్రజని లోపం మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. ఆయన ఏళ్లుగా వేసిన మందు ఆ చేనుకు లేని రోగానికి.

ఏం మార్చాం

నాలుగెకరాల్లో రెండు ఆయన పద్ధతిలోనే ఉంచి, రెండింట్లో మార్పులు చేశాం. విత్తింది మాత్రం మొత్తం ఒకే రోజు, నవంబర్ 12న. ఈ తేదీ విషయంలోనే నేను గట్టిగా పట్టుబట్టాను. సోయాబీన్ అక్టోబర్‌లోనే కోసేసినా, నూర్పిడి, అమ్మకం, దీపావళి, పత్తి ఏరడానికి వెళ్లిన కూలీలు తిరిగి రావడం అయ్యేసరికి ఇక్కడ గోధుమ విత్తడం డిసెంబర్ మధ్య దాకా జరిగిపోతుంది. మనది చిన్న చలికాలం. పంజాబ్‌లో వచ్చే దిగుబడిలో సగం కూడా మహారాష్ట్ర సగటు రాకపోవడానికి ఒక కారణం అదే. ఆలస్యంగా విత్తితే గింజ నిండే రోజులు మార్చి ఎండల్లో పడతాయి. ఆ నష్టాన్ని ఎంత యూరియా వేసినా పూడ్చలేం.

నీటి లెక్క కూడా ఇందులోనే ఉంది. ఈ రైతులు గోదావరిలో బాభళీ బ్యారేజీ వెనక నిలిచే నీటిని మోటార్లతో ఎత్తుకుంటారు. 2013 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబర్ 28 వరకు గేట్లు తెరిచే ఉండాలి. మార్చి 1న 0.6 టీఎంసీ దిగువకు వదలాలి. ఆ నీళ్లు దిగువన తెలంగాణలో మనలాంటి రైతులవే, అందులో పేచీ లేదు. కానీ నవంబర్ 12న విత్తిన చేనుకు గింజ పాలు పోసుకునే తడి ఫిబ్రవరి మొదటి వారంలో పడుతుంది. డిసెంబర్ 10న విత్తితే అదే తడి మార్చి మొదటి వారానికి వెళుతుంది. అప్పటికి ఒడ్డు దగ్గర పైపులకు నీళ్లు అందుతాయో లేదోనని టెన్షన్.

తడుల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. మామది ఏడున్నర హార్స్‌పవర్ మోటారు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి చూస్తే 16 సెకన్లలో నిండింది. అంటే గంటకు 45 వేల లీటర్లు. ఎకరానికి 6 సెంటీమీటర్ల తడి అంటే సుమారు 2 లక్షల 40 వేల లీటర్లు, అయిదున్నర గంటల్లో అయిపోవాలి. రాత్రి కరెంటు వచ్చే వారాల్లో ఆయన స్టార్టర్ ఆటోలో పెట్టి ఇంటికొచ్చి పడుకునేవాడు. పది గంటలు నడిస్తే ఎకరంలో నాలుగున్నర లక్షల లీటర్లు. తప్పు పట్టలేను. డిసెంబర్ చలిలో, పాములు తిరిగే గట్ల మీద, అరవై దాటిన మనిషి అర్ధరాత్రి నీళ్లు మళ్లించాలంటే ఎలా?

అందుకని చేనును మూడు మీటర్ల వెడల్పు పట్టీలుగా విడదీశాం. మరాఠీలో వీటిని సారా అంటారు. ఒక్కో పట్టీలో నీరు చివరికి చేరకముందే పక్క పట్టీకి మళ్లించాలి, మిగిలిన దూరం పారే నీరే తడుపుతుంది. ఇది కాపలా ఉండి చేసే పని కాబట్టి, పగటి కరెంటు వారానికే తడి అని ఒక నియమం పెట్టుకున్నాం. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది, నాలుగైదు రోజులు అటూ ఇటూ అయినా పైరుకు ఏమీ కాదు. ఒక్క మొదటి తడికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. విత్తిన 18 నుంచి 21 రోజుల మధ్య, నేలకు అంగుళం లోపల, మొక్క మొదట్లో కొత్త వేర్లు చుట్టూ పుట్టుకొస్తాయి. ఇకపై మొక్కను నిలబెట్టేవి, పిలకలను పోషించేవి అవే. అప్పుడు పైనేల ఎండి ఉంటే ఆ వేర్లు దిగవు, పిలకలు పుట్టవు, తర్వాత ఎన్ని తడులు పెట్టినా ఆ లోటు తీరదు. ఆ తడి రాత్రి పడితే రాత్రే పెట్టాలి. ఆ రాత్రి మామ, కొడుకు వంతులు వేసుకున్నారు.

యూరియా రెండే సార్లు. కొంత విత్తేటప్పుడు, మిగతాది మొదటి తడికి సరిగ్గా ముందు, సాయంత్రం పూట. తేలిక నేలలో తడి తర్వాత వేయడం మంచిది కానీ, బరువు నేలలో తడికి ముందు వేస్తేనే యూరియా నీటితో పాటు లోపలికి దిగుతుంది. విత్తనం ఎకరానికి 45 కిలోలు. జింకు సల్ఫేట్ ఎకరానికి 10 కిలోలు, దుక్కిలో. దాన్ని డీఏపీతో కలిపి వేయకూడదు. భాస్వరం జింకును పట్టేసుకుంటుంది.

మూడు రబీలు

మొదటి ఏడు మార్చిన రెండెకరాల్లో ఎకరానికి 15 క్వింటాళ్లు, ఆయన పద్ధతిలో ఉన్న రెండింట్లో 14. తేడా చిన్నదే. 2022 మార్చి దేశంలో 1901 తర్వాత నమోదైన అన్ని మార్చి నెలల్లోకీ వేడైనది. ఆలస్యంగా విత్తిన చుట్టుపక్కల చేలల్లో గింజ సన్నబడింది. మా నాలుగెకరాలూ దాన్ని తప్పించుకున్నాయి, ఎందుకంటే రెండు పద్ధతుల్లోనూ విత్తిన తేదీ ఒకటే. కాబట్టి ఆ ఏటి ఫలితంలో పెద్ద వాటా ఎరువుది కాదు, నవంబర్ 12ది. ఇది ఒప్పుకోకపోతే లెక్క తప్పుతుంది.

రెండో ఏడు నేను తప్పు చేశాను. మొదటి ఏటి ఫలితం చూసి ధైర్యం ఎక్కువైంది. ఒక ఎకరంలో యూరియా ఇంకా తగ్గించవచ్చనుకున్నాను. 21వ రోజున, ఆకు పచ్చదనాన్ని పోల్చి చూసే రంగు పట్టికతో చూస్తే ఆకు పచ్చగానే ఉంది. ఇప్పుడు వద్దు, 42వ రోజున చూసి వేద్దామన్నాను. మామ ఒకసారి అడిగాడు, "ఏం గాదా?" ఏం కాదన్నాను. 42వ రోజుకు పక్క ఎకరాల్లో మొక్కకు నాలుగైదు పిలకలుంటే అక్కడ రెండు, మూడు. పిలకల సంఖ్య తేలేది ఆ నడుమ రోజుల్లోనే. తర్వాత వేసిన యూరియా ఉన్న కంకులను కాస్త పెంచింది తప్ప లేని కంకులను తేలేదు. ఆ ఎకరంలో 11 క్వింటాళ్లే వచ్చాయి, పక్క ఎకరాల కంటే నాలుగు తక్కువ. 2023 మార్చిలో అకాల వర్షాలు పడి చివర్లో గింజ రంగు కూడా కొంత పోయింది. కానీ ఆ నాలుగు క్వింటాళ్ల లోటు వాన వల్ల కాదు, నా సలహా వల్ల. తేడా డబ్బు ఇస్తానంటే మామ తీసుకోలేదు. ఆ తర్వాత నేను ఎవరి చేలోనూ 21 రోజుల మోతాదును వాయిదా వేయించలేదు. తగ్గించాల్సింది సిఫారసు మించి వేసే భాగాన్ని. సిఫారసునే కోస్తే ఆ నష్టం రైతు మీద పడుతుంది, అది పర్యావరణం పేరుతో మనం చేయకూడని పని.

మూడో ఏడు నీటి కష్టం. 2023 ఆగస్టు దేశంలో 1901 తర్వాత అత్యంత తక్కువ వాన పడిన ఆగస్టు. మొత్తం నాలుగెకరాలూ కొత్త పద్ధతిలోకి తెచ్చాం. ఏడు తడులకు బదులు నాలుగు, అవీ 21, 42, 65, 85 రోజుల దగ్గర, కరెంటును బట్టి కొంచెం అటూ ఇటూ. ఎకరానికి రెండు సంచుల యూరియా. చేను పడలేదు. పేనుబంక కూడా మునుపటి అంత పట్టలేదు. సగటున ఎకరానికి 15న్నర క్వింటాళ్లు.

డబ్బు మాటతో ఒప్పుకోలేదు

రెండు సంచులు మిగులుతాయి కదా అని మొదట్లో నేను లాభం లెక్క చెప్పేవాడిని. సంచి 266 రూపాయల 50 పైసలు. ఎకరానికి రెండు మిగిలితే 533 రూపాయలు. దానికోసం ఎవరూ పంటను పణంగా పెట్టరు, పెట్టకపోవడంలో న్యాయముంది. ఇంత చవకైన ఎరువును ధర చూపించి తగ్గించలేం. మామను కదిలించింది పడిపోయిన చేను. ఆ తర్వాత మురుగు వాసన వేసిన వేరు. ఇప్పుడు నేను ఏ ఊరికి వెళ్లినా సంచి ధర ఎత్తను, పలుగు తీసుకుని చేలోకి వెళతాను.

వాతావరణం లెక్క నేను వేసుకుంటాను. వేసిన నత్రజని నుంచి పుట్టి చేలోంచి పోయే నైట్రస్ ఆక్సైడ్ వాయువు వందేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే 273 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. వేసిన నత్రజనిలో నూటికి ఒక వంతు ఆ రూపంలో పోతుందని, వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ సాధారణంగా వాడే అంచనా. మామ ఎకరానికి తగ్గించిన 41 కిలోలకు ఆ లెక్కన 175 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇది సూత్రంతో వేసిన లెక్కే, చేలో కొలిచింది కాదు. నీళ్లు నిలిచే నల్లరేగడిలో అసలు సంఖ్య వేరుగా ఉండవచ్చు.

కొయ్యకాళ్లు

హార్వెస్టర్ కోశాక మోకాలి కింది దాకా కొయ్యకాళ్లు మిగులుతాయి. వాటికి నిప్పు పెట్టడం ఇక్కడా అలవాటైంది. పంజాబ్‌లో వరి కోసి గోధుమ విత్తడానికి రెండు మూడు వారాలే ఉంటాయి, వాళ్ల అవస్థ వేరు. మనకు మార్చిలో గోధుమ కోస్తే సోయాబీన్ విత్తేది జూన్ వానలకు. మూడు నెలలు. అంత తీరిక ఉండి తగలబెట్టడానికి నాకు కారణం కనబడలేదు. 2022లో మామ పెట్టిన నిప్పు గట్టు దాటి పక్కవాళ్ల వేపచెట్టును ఒక వైపు మాడ్చేసింది. ఆ కొమ్మలు ఇప్పటికీ చిగురించలేదు. ఆ ఏడు నుంచి భూసా మెషిన్‌తో గడ్డి పట్టించి బర్రెలకు వాడుకుంటున్నాడు. మిగిలిన మొదళ్లను తొలకరికి ముందు రోటవేటర్‌తో కలిపేస్తున్నాడు.

చెదలు వస్తాయని ఆయన భయపడ్డాడు, ఒక మూల వచ్చాయి కూడా. ఎండాకాలంలో వాన లేక గడ్డి కుళ్లదు, కాబట్టి మొదటి ఏడు సోయాబీన్ విత్తే గొర్రుకు గడ్డి చుట్టుకుని సాళ్లు అక్కడక్కడా తప్పాయి. ఇదేమీ సులువని చెప్పను. నేల మెత్తబడిందని మామ అంటాడు. సేంద్రియ కర్బనం పరీక్షలో చెప్పుకోదగ్గ మార్పు ఇంకా రాలేదు, మూడేళ్లలో వస్తుందని నేను అనుకోలేదు కూడా.

బావి

దిగువ మూలన పాత బావి ఉంది. చేలో పనిచేసేవాళ్లు, గొడ్లు ఆ నీళ్లే తాగుతారు. మామ కోడలు గర్భవతి అని తెలిసిన నెలలో ఆ నీటిని పరీక్షకు పంపాను. తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ బావిలో 60 దాటింది. అతిగా ఉన్న నైట్రేట్ పసిపిల్లల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తిని తగ్గిస్తుంది. కేంద్ర భూగర్భజల బోర్డు 2024 నివేదికలో నైట్రేట్ సమస్య ఎక్కువున్న జిల్లాల్లో నాందేడ్ పేరుంది కాబట్టి ఇది ఒక్క బావి సంగతి కాదు. ఎరువుతో పాటు పక్కనే ఉన్న పేడ కుప్ప వాటా కూడా ఇందులో ఉంటుంది, అంతా యూరియా మీదే వేయలేను. కాచితే నైట్రేట్ పోదు. ఆ ఇంట్లో తాగడానికి వేరే నీళ్లు తెచ్చుకుంటున్నారు, పేడ కుప్పను ఎగువ గట్టుకు మార్చారు.

మూడో రబీ అయ్యాక మళ్లీ పరీక్ష చేయిస్తే సంఖ్య దాదాపు అక్కడే ఉంది. ఏళ్ల తరబడి దిగిన నైట్రేట్ మట్టి పొరల్లోంచి ఇంకా నీటిలోకి వస్తూనే ఉంటుంది. చేలో మార్పు ఏడాదిలో కనబడింది, బావిలో కనబడటానికి ఎన్నేళ్లు పడుతుందో చూడాలి. ప్రతి అక్టోబర్‌లో, వానలు వెనక్కి తగ్గాక, ఒకే తాడుతో ఒకే లోతు నుంచి సీసా నింపి పంపుతున్నాం. సీసా మీద తేదీ రాసేది మామ. ఈసారి పక్క చేలవాళ్ల బావులవి మరో రెండు సీసాలు కూడా తెచ్చి నా బండి మీద పెట్టాడు.